తీర్పుకీ పదవికీ మధ్య ఎడం

కోకా సుబ్బారావుగారి తీర్పులు ఇప్పటికీ తీసి చదువుకుంటూ ఉంటాను. 1954లో గుంటూరులో పెట్టిన ఆంధ్ర హైకోర్టుకు తొలి ప్రధాన న్యాయమూర్తి ఆయన. పోలీసులు అర్ధరాత్రి తలుపు తట్టడమే కాదు, మనిషి వెంట నిఘా వేసి తిరగడమూ స్వేచ్ఛను హరించడమేనని సుప్రీంకోర్టుకు వెళ్లాక ఖరక్ సింగ్ కేసులో 1962లోనే మెజారిటీకి భిన్నంగా రాశారు. 2017లో తొమ్మిదిమంది జడ్జీల ధర్మాసనం ఆ దారికే వచ్చింది.

అంతటి మనిషి 1967 ఫిబ్రవరి 27న గోలక్‌నాథ్ తీర్పు చెప్పారు. ప్రాథమిక హక్కులకు పార్లమెంటు సవరణతో కూడా కోత పెట్టకూడదన్నారు. ఆరుగురు ఇటు, అయిదుగురు అటు. నెలన్నర తిరక్కుండా, ఏప్రిల్ 11న, భారత ప్రధాన న్యాయమూర్తి పదవికి రాజీనామా చేసి ప్రతిపక్షాల తరఫున రాష్ట్రపతి ఎన్నికకు నిలబడ్డారు. జాకీర్ హుస్సేన్ గెలిచారు.

పదవి కోసమే అలా తీర్పిచ్చారని నేను అనను. హక్కుల వైపు ఆయన మొగ్గు పాతదే. కానీ వాదన ఓడిన పాలకుడు ఏమనుకుంటాడు? మొన్న తన చేతులు కట్టేసిన పెద్దాయన ఇవాళ తన అభ్యర్థి మీదే పోటీకి దిగితే, ఆ తీర్పును చట్టంగా మాత్రమే చదవమంటే చదువుతాడా?

2025లో సుప్రీంకోర్టు మాజీ న్యాయమూర్తి సుదర్శన్ రెడ్డిగారు ఉపరాష్ట్రపతి పదవికి పోటీ చేసినప్పుడు నాకు ఇంత ఇబ్బంది అనిపించలేదు. రిటైరై పద్నాలుగేళ్లయింది. అయినా మావోయిస్టులకు ఎదురు నిలిపిన సల్వాజుడుం దళాలు చెల్లవన్న ఆయన పాత తీర్పును కేంద్ర హోంమంత్రి తవ్వి తీయనే తీశారు. (అలా తవ్వడం అన్యాయమనే నా అభిప్రాయం.) ఇక అయోధ్య ధర్మాసనంలో కూర్చున్న అబ్దుల్ నజీర్‌గారు 2023 జనవరి 4న రిటైరైతే, ఫిబ్రవరి 12కల్లా ఆంధ్రప్రదేశ్ గవర్నరుగా నియామకం వచ్చింది.

సుప్రీంకోర్టు జడ్జి రిటైరయ్యాక కోర్టుల్లో వాదించకూడదని 124వ అధికరణం చెబుతుంది. సర్కారు పదవుల మాట ఎత్తదు. అవి పుచ్చుకోకూడదని లా కమిషన్ 1958లోనే సూచించినా పట్టించుకున్నవారు లేరు. చలమేశ్వర్‌గారు మాత్రం ఏ పదవీ తీసుకోనని ముందే చెప్పి 2018లో దిగిపోయారు. అందరికీ అంత నిగ్రహం ఉండాలని కోరలేం కాబట్టి రిటైర్మెంటుకూ పదవికీ మధ్య మూడేళ్ల ఎడం పెడుతూ చట్టం చేయమంటాను. చిక్కల్లా మానవ హక్కుల కమిషన్ లాంటి వాటితోనే. అక్కడ అధ్యక్షుడిగా రిటైరైన జడ్జే కావాలని చట్టమే అడుగుతోంది. ముందు దాన్ని మార్చాలి.