ఆకులు లెక్కించని సాక్ష్యం: హైదరాబాదు పారశీక, అరబ్బీ వ్రాతప్రతుల వర్ణనపై ఒక విమర్శ

1. ఉపోద్ఘాతం

మన వేదాంత కళాశాలల్లో పాఠ్యవిమర్శ బోధించేటప్పుడు సీనాయి ప్రతి, వాటికను ప్రతి ప్రస్తావన తప్పక వస్తుంది. మొదటిది పుటకు నాలుగు నిలువు వరుసల్లోను, రెండవది మూడు వరుసల్లోను వ్రాయబడిందని విద్యార్థులు పరీక్షలకు చదువుతారు. అదే విద్యార్థిని శంషాబాదు నుండి ఆరాంఘర్ మీదుగా నగరంలోకి తీసుకువచ్చి, మూసీ ఒడ్డున ఉన్న సాలార్‌జంగ్ మ్యూజియంలో ఒక పారశీక వ్రాతప్రతి ముందు నిలబెట్టి "దీనిని వర్ణించు" అంటే ఏమి చెబుతాడు? "పాత గ్రంథం, లిపి అందంగా ఉంది" అని ఆగిపోతాడు. ఇది అతని లోపం కాదు. మనం అతనికి నేర్పలేదు.

ఈ వ్యాసంలో మేము చెప్పదలచినది ఒక్కటే. వ్రాతప్రతిలో ఏమి వ్రాసి ఉందో చెప్పి, ఆ ప్రతి దేనితో, ఎలా తయారైందో చెప్పకుండా వదిలే వర్ణన సగం సాక్ష్యమే. పొరుగువాని గ్రంథం విషయంలో సగం సాక్ష్యం అబద్ధ సాక్ష్యానికి చాలా దగ్గరగా ఉంటుంది (నిర్గమ 20:16).

2. మన దారిలోనే ఉన్న నిధి

శంషాబాదు ప్రాంతం చాలాకాలం పారశీక, ఉర్దూ లిపుల పాలనలో ఉన్నది. హైదరాబాదు రాజ్యంలో 1884లో ఉర్దూ అధికార భాష అయ్యేవరకు దఫ్తరు వ్యవహారం పారశీకంలోనే నడిచింది. కాగితం, కలం, తారీఖు, నకలు, దస్తావేజు అని నేడు మనం అనే మాటలన్నీ ఆ దఫ్తరు నుండి వచ్చినవే. 2008 మార్చిలో విమానాశ్రయం ప్రారంభమైన తరువాత ఈ ప్రాంతం రూపం మారింది గాని, ఇనుప పెట్టెల్లో పాత ఉర్దూ కాగితాలు దాచుకున్న కుటుంబాలు ఇంకా ఉన్నాయి. అవి మన సంఘాల్లో కూడా ఉన్నాయి.

క్రైస్తవ అధ్యయనానికి కూడా ఇక్కడ చిరునామా ఉంది. 1930లో లాహోరులో స్థాపించబడిన హెన్రీ మార్టిన్ సంస్థ 1971లో హైదరాబాదుకు వచ్చింది. నేడు విమానాశ్రయం దారిలోని శివరాంపల్లిలో ఉంది. ఎవరి పేరు ఆ సంస్థకు పెట్టారో ఆ హెన్రీ మార్టిన్ క్రొత్త నిబంధన పారశీక అనువాదాన్ని 1812లో షీరాజులో ముగించాడు. షాకు సమర్పించడానికి లేఖకులచేత అందమైన చేతిప్రతి వ్రాయించాడు. ఆ సంవత్సరమే అక్టోబరులో టోకాట్‌లో మరణించాడు. ఆ ప్రతిని బ్రిటిషు రాయబారి గోర్ ఊజ్లీ షాకు అందించాడు. 1815లో అది సెయింట్ పీటర్స్‌బర్గులో అచ్చయింది. అంటే ఆ అనువాదం పాఠకుని చేరింది మొదట వ్రాతప్రతిగానే. మిషనరీ చరిత్రలో మనం అనువాదం గురించి చెబుతాం గాని, ఆ ప్రతి వ్రాసిన లేఖకుని చేతి గురించి చెప్పం.

3. పాత సూచికల మేలు, కొరత

పారశీక వ్రాతప్రతుల వర్ణనకు ఛార్లెస్ ర్యూ బ్రిటిషు మ్యూజియం కొరకు 1879, 1883 మధ్య వెలువరించిన మూడు సంపుటాల సూచిక చాలాకాలం మాదిరిగా నిలిచింది. ప్రతి గ్రంథం క్రింద చిన్న అక్షరాల్లో ఆకుల సంఖ్య, కొలత, పుటకు పంక్తులు, లిపి, అలంకారం, తేదీ వరుసగా ఉంటాయి. ఆ తరువాతనే గ్రంథకర్త జీవితం, విషయ వివరణ వస్తాయి. ఈ క్రమశిక్షణను మేము మెచ్చుకుంటున్నాము. ఒక మనిషి ఆ ప్రతిని చేతిలోకి తీసుకొని ఆకులు లెక్కించాడన్న భరోసా ఆ చిన్న అక్షరాల్లోనే ఉంది.

మన నగరంలోనూ ఇలాంటి శ్రమ జరిగింది. సాలార్‌జంగ్ సేకరణలోని అరబ్బీ ప్రతులకు ముహమ్మద్ నిజాముద్దీన్, ఉర్దూ ప్రతులకు నసీరుద్దీన్ హాషిమీ 1957లో సూచికలు వెలువరించారు. ముహమ్మద్ అష్రఫ్ 1965 నుండి పారశీక ప్రతుల సూచికను అనేక సంపుటాలుగా తెచ్చారు. వారి శ్రమ లేకుండా నేటి పరిశోధకుడు ఆ గదిలో అడుగు పెట్టలేడు.

అయినా ఆ తరం పద్ధతిలో ఒక కొరత ఉంది. గ్రంథకర్తకు పుటలు దక్కితే, ఆ ప్రతికి రెండు మూడు పంక్తులే దక్కేవి. కాగితం ఎలాంటిది, ఆకులను ఎన్నెన్ని చొప్పున మడిచి కుట్టారు, జిల్దు గ్రంథమంత పాతదా లేక తరువాత వేసినదా, ఎవరి ముద్రలు ఏ ఆకుపై ఉన్నాయి అనే ప్రశ్నలకు చాలాసార్లు సమాధానం ఉండదు. "బాగున్నది", "కొంత శిథిలం" వంటి మాటలు వర్ణన కాదు. అవి చూచినవాని అభిప్రాయం మాత్రమే.

తేడా తెలియడానికి మేము కల్పించిన ఒక ఉదాహరణ చూడండి. "పాత పారశీక గ్రంథం, మంచి లిపి, కొన్ని ఆకులు పోయినవి" అని ఒకరు వ్రాస్తారు. మరొకరు ఇలా వ్రాస్తారు: "118 ఆకులు. ఆకు 24 × 14 సెం.మీ., వ్రాత భాగం 17 × 8 సెం.మీ. పుటకు 15 పంక్తులు. నస్తాలీఖ్ లిపి, నల్ల సిరా, శీర్షికలు ఎర్ర సిరా. 40, 41 ఆకుల మధ్య రికాబు కలవదు. 1వ ఆకు ముందు పుటపై రెండు ముద్రలు, ఒకటి చెరిపివేయబడింది." మొదటి వర్ణన వేయి గ్రంథాలకు సరిపోతుంది. రెండవది ఒక్క గ్రంథానికే సరిపోతుంది.

4. ప్రతి తానే చెప్పే సంగతులు

రికాబు అనే మాట గుర్రపు జీనుకు వేలాడే రికాబుగా మనకు తెలుసు. వ్రాతప్రతిలో ఆకు వెనుక పుట అడుగున, మరుసటి పుట మొదటి మాటను ముందుగా వ్రాసే చిన్న పదానికి కూడా ఆ మాటకు చుట్టమైన పేరే ఉంది. పుటలకు అంకెలు వేయని కాలంలో ఆకుల క్రమం తప్పకుండా అదే కాపాడింది. అది కలవకపోతే ఆకు పోయి ఉండాలి, లేదా జిల్దు వేసినవాడు తారుమారు చేసి ఉండాలి. తాళపత్రాలకు అంకె వేసి, రంధ్రంలో త్రాడు గ్రుచ్చి క్రమం కాపాడిన మన పెద్దల జాగ్రత్త వంటిదే ఇది.

కాగితాన్ని వెలుతురుకు ఎత్తి చూడాలి. ప్రాచ్య దేశాల కాగితానికి గంజి పట్టించి నునుపు రాయితో మెరుగు పెట్టేవారు. లోపల నీటిగుర్తు కనిపిస్తే అది ఐరోపా కాగితం. మూడు నెలవంకల గుర్తు ఉంటే వెనీసు ప్రాంతం నుండి తూర్పు దేశాలకు ఎగుమతి చేసిన కాగితం కావచ్చు. అప్పుడు గ్రంథాంతంలో వేసిన పాత తేదీని మరొకసారి పరీక్షించాలి. పంక్తులు సమానంగా రావడానికి దారాలు బిగించిన మిస్తరా అనే పలకపై ఆకును ఒత్తేవారు. ఆ ఒత్తిడి గీతలు ఏటవాలు వెలుతురులోనే కనిపిస్తాయి.

తేదీ విషయంలో మరొక జాగ్రత్త అవసరం. హిజ్రీ సంవత్సరం చాంద్రమానం, సుమారు 354 దినాలు. హిజ్రీ 1000 అని మాత్రమే ఉన్న ప్రతిని 1591 అని వ్రాయడం తొందరపాటు. ఆ సంవత్సరం 1591 అక్టోబరులో మొదలై 1592 అక్టోబరులో ముగిసింది. కనుక 1591-92 అని వ్రాయాలి.

అంచుల్లోని వ్రాతలు కూడా విలువైనవే. పురుగులు పట్టకుండా చాలామంది లేఖకులు మొదటి ఆకుపై "యా కబీకజ్" అని వ్రాసేవారు. కబీకజ్ మొదట ఒక విషపు మొక్క పేరు. తరువాత అది పురుగులపై అధికారం గల శక్తి పేరని జనం నమ్మారు. దీనిని చూచి నవ్వే ముందు, జ్వరం వచ్చిన బిడ్డ తలగడ క్రింద బైబిలు పెట్టే మన విశ్వాసులను గుర్తు చేసుకోవాలి. తన పుస్తకం చెదలు పాలు కాకూడదన్న ఒక మనిషి ఆరాటం ఆ రెండు మాటల్లో ఉంది.

5. పేరు ఒక్కటే చాలదు

సాలార్‌జంగ్ మ్యూజియం గర్వించే ప్రతుల్లో యాకూత్ అల్ ముస్తాసిమీ పేర ఉన్న ఖురాను ఒకటి. దానిపై జహంగీరు, షాజహాను, ఔరంగజేబుల సంతకాలున్నాయని మ్యూజియం పేర్కొంటుంది. యాకూత్ బాగ్దాదుకు చెందిన సుప్రసిద్ధ లేఖకుడు, 1298లో మరణించాడు. అతని కీర్తి ఎంతటిదంటే తరువాతి కాలంలో ఎందరో తమ ప్రతుల చివర అతని పేరు వ్రాశారు. కనుక యాకూత్ పేరు కనిపించిన ప్రతిచోటా కాగితం, సిరా, లిపి, జిల్దు, ముద్రలు అన్నిటినీ అడగాలని పండితులు హెచ్చరిస్తారు. ఇది పొరుగువారి గ్రంథంపై అనుమానం కాదు. పత్రికల కర్తృత్వాన్ని పరీక్షించేటప్పుడు మనం పాటించే న్యాయమే ఇది. పైగా, చక్రవర్తుల సంతకాలు ఆ ప్రతి చేతులు మారిన చరిత్ర. ఆ చరిత్రకు దానిదైన విలువ ఉంది.

మన విశ్వాస వారసత్వంలోనూ ఇదే లిపిలో ప్రతులున్నాయి. సీనాయి కొండ మఠంలోని 151వ అరబ్బీ ప్రతిలో పౌలు పత్రికల అనువాదం ఉంది. దానిని బిష్ర్ ఇబ్న్ అల్ సిర్రీ దమస్కులో 867లో ముగించాడని గ్రంథాంత వాక్యం చెబుతుంది. అరబ్బీ లిపి కనిపించగానే "ఇది ఇస్లాము గ్రంథం" అని పక్కన పెట్టే సేవకుడు అపొస్తలుని పత్రికను పక్కన పెట్టే ప్రమాదం ఉంది.

6. రెండు అభ్యంతరాలు

ఇప్పుడు ప్రతి ఆకును ఫోటో తీసి కంప్యూటరులో పెడుతున్నారు గదా, ఈ కొలతలు ఎందుకని కొందరు అడుగుతారు. ఫోటో అక్షరాన్ని చూపిస్తుంది. కాగితం మందం, మిస్తరా గీత, కుట్టు, నీటిగుర్తు సాధారణ ఫోటోలో రావు. కొత్త జిల్దు వేసేటప్పుడు అంచు కత్తిరించి సగం పోయిన వ్యాఖ్యను ఫోటో చూపవచ్చు, కాని అది ఎలా పోయిందో చెప్పేది చూచినవాడే.

అక్షరం చంపుతుంది, ఆత్మ జీవింపజేస్తుంది గదా అన్నది రెండవ అభ్యంతరం (2 కొరింథీ 3:6). పౌలు అక్కడ మాట్లాడుతున్నది రెండు నిబంధనల గురించి, కాగితం, సిరాల గురించి కాదు. ఆ పౌలే చెరసాల నుండి తిమోతికి వ్రాస్తూ అంగీని, పుస్తకాలను, ముఖ్యంగా చర్మపు కాగితాలను తెమ్మన్నాడు (2 తిమోతి 4:13). పుస్తకాలు వేరు, చర్మపు కాగితాలు వేరు అని అపొస్తలునికి తెలుసు. వాక్యము శరీరధారి అయ్యెనని ప్రకటించే సంఘానికి గ్రంథ శరీరం చిన్న విషయం కాకూడదు.

7. విమానాశ్రయం గుమ్మం వద్ద

ఈ చర్చ గ్రంథాలయంలోనే ముగియదు. 1972 నాటి పురావస్తువుల, కళానిధుల చట్టం ప్రకారం శాస్త్ర, చరిత్ర, సాహిత్య లేదా కళా విలువ గలిగి 75 సంవత్సరాలకు తక్కువ కాని వ్రాతప్రతి పురావస్తువే. దానిని ప్రైవేటు వ్యక్తి దేశం దాటించడం నేరం. అయినా విదేశీ అతిథికి బీరువాలోని పాత పుస్తకాన్ని ప్రేమతో బహుమానంగా ఇచ్చే అలవాటు మన సంఘాల్లో ఉంది. అది పెట్టెలో సర్దుకొని శంషాబాదులో విమానం ఎక్కితే, తెలియకుండానే చట్టం మీరినట్లు అవుతుంది.

దొంగిలించబడిన ప్రతి విషయంలో ప్రశ్న ఇంకా కఠినం. ఏళ్ల తరువాత అది ఏ దూరదేశపు వేలంలోనో బయటపడితే, అది మనదే అని దేనితో నిరూపిస్తాం? గ్రంథం పేరు చాలదు, ఆ పేరుగల ప్రతులు వందలు ఉండవచ్చు. 118 ఆకులు, 15 పంక్తులు, చెరిపిన ముద్ర, 40వ ఆకు తరువాత లోపం: ఇవే సాక్షులు. పాత సూచికలోని "కొంత శిథిలం" అనే మాట ఆ రోజు ఎవరికీ ఉపయోగపడదు.

8. ముగింపు

మేము కూడా విద్యార్థులకు ఇస్లాము గురించి వ్యాసాలు అప్పగించినప్పుడు వాదోపవాదాలనే అడిగాము గాని, ఒక్క ప్రతిని వర్ణించమని అడగలేదు. ఈ లోపాన్ని ఒప్పుకుంటూ ఒక సూచన చేస్తున్నాము. పాఠ్యవిమర్శ తరగతిలో ఒక దినం హైదరాబాదు గ్రంథాలయానికి కేటాయించాలి. ప్రతి విద్యార్థి అధికారుల అనుమతితో ఒక ప్రతిని చూచి, కొలత, ఆకులు, పంక్తులు, లిపి, సిరా, రికాబు, ముద్రలు, జిల్దు, లోపాలు వ్రాయాలి. తెలియని చోట తెలియలేదని వ్రాయాలి. అభిప్రాయం చివర ఒక్క వాక్యం చాలు.

కాపరులు తమ సంఘపు బీరువాతోనే మొదలుపెట్టవచ్చు. పాత బాప్తిస్మపు రిజిస్టరు, ఎవరి తాతదో ఉర్దూ దస్తావేజు, అట్ట ఊడిన బైబిలు, ఏదైనా సరే, ముందుగా ఆకులు లెక్కించండి. పొరుగువాని గ్రంథాన్ని గురించి మాట్లాడే అర్హత ఆ ఓర్పుతోనే మొదలవుతుందని మా నమ్మకం.