ఆరేడు మిల్లీమీటర్ల గుమ్మం

జపాన్‌కూ కొరియాకూ నడుమ సముద్రంలో త్సుషిమా అనే కొండల దీవి ఉంది. అక్కడ అడవి అంచుల్లో, ఎండపొడ తగిలే వాలుల్లో, మనిషి మొలెత్తున నిలబెట్టిన చెట్టు మొద్దులు కనిపిస్తాయి. లోపలంతా తొలిచి బోలు చేసిన దుంగ, కింద రాతిపలక, పైన వాన దిగకుండా ఓ రేకు, రేకు ఎగిరిపోకుండా దాని మీద ఓ రాయి. ఈ తేనె దుంగలను అక్కడివాళ్లు ‘హాచిదో’ అంటారు. దుంగ అడుగున సన్నని చీలిక ఉంటుంది. ఈగలకు అదే గుమ్మం. సెప్టెంబరు వచ్చిందంటే పెంపకందారు కళ్లన్నీ ఆ గుమ్మం మీదే ఉంటాయి.

అందులో కాపురముండే ఈగ మనకు పరాయిది కాదు. మన పుట్టల్లో, చెట్టు తొర్రల్లో పట్టు పెట్టే తొర్రతేనె ఈగ జాతే అది. శాస్త్రం పేరు ఏపిస్ సెరానా. జపాన్‌లో తేనెటీగల పెంపకం ప్రస్తావన నిహోన్ షోకి అనే ప్రాచీన చరిత్ర గ్రంథంలోనే ఉంది. 643లో కొరియాకు చెందిన పెక్చే రాజకుమారుడు మివా కొండ మీద నాలుగు పట్లు పెట్టాడనీ, అవి వృద్ధి కాలేదనీ అందులో రాశారు. ఎందుకు వృద్ధి కాలేదో గ్రంథం చెప్పదు. ఆ అడవుల్లో శరత్కాలం ఎలా ఉంటుందో తెలిసినవాళ్లకు మాత్రం ఒక అనుమానం రాకమానదు.

ఆ అనుమానం పేరు ఓసుజుమెబాచి. ప్రపంచంలోకెల్లా పెద్ద కందిరీగ. కూలి ఈగే నాలుగు సెంటీమీటర్ల దాకా ఉంటుంది, రాణి అయిదు దాటుతుంది. వసంతంలో ఒక్క రాణి ఒంటరిగా మట్టిలో గూడు మొదలుపెడుతుంది. ఎండాకాలమంతా సంతానం పెరుగుతుంది. శరత్తులో, చలి రాకముందే, వచ్చే ఏటి రాణులను పెంచాలి. ఆ పిల్లపురుగులకు మాంసం కావాలి. అడవిలో మిగతా పురుగులు తగ్గిపోతున్న ఆ వేళ, వేల ఈగలూ లావుపాటి పిల్లపురుగులూ ఒక్కచోట దొరికేది తేనెపట్టులోనే. అందుకే ఈ బెడద ఏడాది పొడుగునా ఒకే తీరుగా ఉండదు. ఆగస్టు చివర మొదలై అక్టోబరులో ముదురుతుంది.

ముందు ఒక్క కందిరీగ వస్తుంది. నచ్చిన పట్టు దగ్గర తన వాసన పూసి గుర్తు పెట్టుకుంటుంది. ఆ వాసన పట్టుకుని తోటివి వస్తాయి. గుంపు కూడాక ఇక వేట కాదు, ఊచకోతే. ముప్ఫై కందిరీగలు మూడు గంటల్లో ముప్ఫై వేల తేనెటీగలను నరికిపారేయగలవు. అప్పుడు తినవు కూడా. కోట ఖాళీ అయ్యాక లోపల దిగి, పిల్లపురుగులను తీరిగ్గా మోసుకుపోతాయి.

ఇలా నాశనమయ్యేవి ఎక్కువగా ఐరోపా ఈగ పట్లు. 1877లో ఆ ఈగను జపాన్ తెచ్చుకుంది. తేనె ఎక్కువ ఇస్తుంది, నెమ్మదైనది, కానీ ఈ శత్రువును దాని తాతముత్తాతలు ఎరగరు. ఒక్కొక్కటే బయటికి దూకి కుట్టబోతుంది, ఒక్కొక్కటే చస్తుంది. నాటు ఈగ అలా దూకదు. గుమ్మం దగ్గర బారులు తీరి ఒళ్లు ఊపుతూ కాపు కాస్తుంది. గూఢచారి కందిరీగ దగ్గరికి రాగానే నాలుగైదు వందల ఈగలు ఒక్క ఉదుటున మీదపడి ఉండకట్టేస్తాయి. కుట్టవు. రెక్కల కండరాలను అదిలించి వేడి పుట్టిస్తాయి. ఉండ నడుమ 46, 47 డిగ్రీల సెల్సియస్ దాకా పోతుంది, ఊపిరి గాలి విషమవుతుంది. ఆ వేడికి కందిరీగ నిలవలేదు. తేనెటీగ మరో రెండు మూడు డిగ్రీలు ఓర్చుకోగలదు. రెండు ప్రాణాలకూ మధ్య ఉన్న ఆ కాస్త తేడా మీదే పట్టు బతుకు నిలబడి ఉంది. జపాన్ శాస్త్రవేత్తలు 1995లో ‘నేచర్’ పత్రికలో ఈ వేడి లెక్క ప్రకటించారు. ఉండలో చేరిన ఈగలకు ఇది ఊరికే దక్కే గెలుపు కాదు. ఒకసారి ఆ వేడిలో ఉడికిన ఈగకు ఆయుష్షు తరుగుతుంది.

నాటు పెంపకం గొప్పతనమంతా ఇక్కడే ఉందని నా నమ్మకం. పోరు ఈగలదే. మనిషి చేసేదల్లా ఆ పోరు వాటికి చేతనయ్యే కొలతలో ఉండేలా చూడడం. ఒక్క కందిరీగ వస్తే ఈగలు చూసుకుంటాయి. ఇరవై ఒక్కసారిగా చొరబడితే చూసుకోలేవు. అందుకే గుమ్మం ఎత్తు ఆరేడు మిల్లీమీటర్లకు మించనివ్వరు. తేనెటీగ ఇబ్బంది లేకుండా దూరుతుంది, పెద్ద కందిరీగకు తల పట్టదు. దానికీ పళ్లున్నాయి గనక చెక్క అంచు కొరికి వెడల్పు చేయచూస్తుంది. కాబట్టి అంచుకు రేకు బిగిస్తారు, రోజూ వేలితో తడిమి చూస్తారు. సందు మరీ ఇరుకు చేస్తే పుప్పొడి మూటలతో వచ్చిన ఈగలు చిక్కుకుంటాయి, లోపల గాలాడదు. ఆ కొలత తెలియడమే పనితనం.

మిగతా ఉపాయాలు చూడడానికి చిన్నవే. వసంతంలోనే ప్లాస్టిక్ సీసాలో బియ్యపు సారా, సిర్కా, చక్కెర కలిపి చెట్లకు వేలాడదీస్తారు. అప్పుడు చిక్కే ఒక్కో రాణితో శరత్తులో ఒక్కో గూడు తగ్గినట్టే. శరత్తులో ఎలుకలకు పెట్టే జిగురు అట్టను పెట్టె పైన పరుస్తారు. దాని మీద ఒక్క కందిరీగ అంటుకుంటే చాలు, తోటివి వచ్చి వరసగా అంటుకుంటాయి. పట్టు కూలడానికి కారణమయ్యే గుంపు గుణమే ఇక్కడ వాటికి ఉరి అవుతుంది. బ్యాడ్మింటన్ రాకెట్ పట్టుకుని పెట్టెల పక్కన పొద్దంతా కూర్చునే ముసలివాళ్లూ ఉన్నారు. మొదటి గూఢచారిని కొట్టడానికి ఆ మాత్రం ఓపిక ఉండాలి. అది వాసన పూసి వెనక్కి పోయాక వంద కొట్టినా అంత ఫలం ఉండదు.

కందిరీగ కంటికి కనిపించే శత్రువు. మైనపు చిమ్మట అలాంటిది కాదు. రాత్రి చాటుగా దూరి గుడ్లు పెడుతుంది. దాని పురుగులు మైనంలో సొరంగాలు తవ్వి, బూజులాంటి దారాలతో పట్టంతా అల్లేస్తాయి. మన దగ్గర పెట్టెలు పెట్టుకున్న రైతులకు ఈ పురుగు గురించి నేను చెప్పనక్కర్లేదు. వానలు వెనకబట్టే వేళకు బలం తగ్గిన పెట్టెల్ని మట్టుపెట్టేది ఇదే. నాటు ఈగ పాత మైనాన్ని కొరికి కింద పడేస్తుంది. ఆ పొడిలోనే పురుగు పెరుగుతుంది. కనుక అడుగుపలక ఊడ్చడం జపాన్ పెంపకందారుకు వాకిలి ఊడ్చుకోవడమంత నిత్యకృత్యం.

అసలు మందు తేనె తీసే పద్ధతిలోనే ఉంది. దుంగలకు బదులు ఇప్పుడు చాలామంది వాడేది ఒకదాని మీద ఒకటి పేర్చిన చదరపు చట్రాలు. మన టిఫిన్ క్యారియర్ గిన్నెల్లాగే. శరత్తులో ఏటికొక్కసారి పై అర మాత్రం సన్నని తీగతో కోసి తీసుకుంటారు. తేనె అంతా పైనే ఉంటుంది, పిల్లలుండే గదులు కింద, వాటికి తీగ తగలదు. పాత మైనం పైనుంచి పోతూ ఉంటే ఈగలు కిందికి కొత్త మైనం కట్టుకుంటూ వస్తాయి. చిమ్మటకు ఇష్టమైన పాత నల్ల మైనం పెట్టెలో పేరుకోదు. మిగతా అరల్లోని తేనె ఈగల చలికాలం తిండి. దాన్నీ పిండుకున్నవాడి పట్టు బలం తగ్గి చిమ్మటపాలవుతుంది, లేదా ఈగలు ఒకరోజు పొద్దున్నే మూకుమ్మడిగా లేచిపోతాయి. నాటు ఈగకు ఓర్పు తక్కువ, వేధిస్తే ఇల్లు వదిలేస్తుంది.

ఈ విద్యకు అన్నీ లొంగుతాయని చెప్పలేను. ఈగ ఊపిరిగొట్టాల్లో కాపురముండే సూక్ష్మమైన నల్లి ఒకటి 2010లో జపాన్‌లో బయటపడి, నాటు పట్లనే ఎక్కువగా తుడిచిపెడుతోంది. తరాలుగా ఎరిగిన శత్రువుకు ఈగ దగ్గర జవాబుంది, కొత్తగా వచ్చినదానికి లేదు. అక్కడ పెంపకందారు పెట్టెలో మెంథాల్ పెడతాడు, చలికి ముందే పెడతాడు.

మన తొర్రతేనె ఈగ కూడా కందిరీగను ఉండకట్టి చంపుతుంది. మన రైతులు చీమలు పట్టకుండా పెట్టె స్టాండు కాళ్లను నీళ్ల గిన్నెల్లో పెడతారు, బెల్లం డబ్బాను నీళ్ల పళ్లెంలో పెట్టే అమ్మలాగే. తేనె ఎక్కువిస్తుందని ఐరోపా ఈగ వెంట పడుతున్న ఈ రోజుల్లో, ఇంటి ఈగకు తెలిసిన ఈ విద్యను లెక్కలోకి తీసుకోకపోవడం నాకు బాధగా ఉంటుంది. కిలోల్లో కొలవలేం గనక అది ఏ పట్టికలోనూ కనిపించదు.

నవంబరు చలికి కందిరీగల గూళ్లు ఖాళీ అవుతాయి. కూలి ఈగలన్నీ రాలిపోతాయి, కడుపుతో ఉన్న కొత్త రాణులు కుళ్లిన మొద్దుల్లోకి దూరి నిద్రపోతాయి. పెంపకందారు రాకెట్ లోపల పెట్టి, జిగురు అట్టలు తీసేసి, ఒక్కో పెట్టెనూ రెండు చేతులా పట్టి కాస్త ఎత్తి చూస్తాడు. బరువుగా ఉంటే మళ్లీ మెల్లగా దించి, గుమ్మం దగ్గర చెవి పెట్టి వింటాడు.