విషాద చలనచిత్ర గీతములు – రసవిచారము

సభలో నిందించి యేకాంతమున పాడుకొను పాటలు కొన్ని మనకు గలవు. ప్రేమవైఫల్యమును, కన్నీటిని దాపరికము లేక చెప్పు చలనచిత్ర గీతములు వానిలో ముఖ్యమైనవి. ఇవి చౌకబారు భావోద్రేకములని పలువురు విమర్శకుల మతము. ఆ మత మెంతవరకు సాధువో పరిశీలించుట యీ వ్యాసమున కుద్దేశము.

ఇందులకు 1953లో వెలువడిన 'దేవదాసు' తగిన లక్ష్యము. దీనికి మూలమైన శరచ్చంద్ర చట్టోపాధ్యాయుని వంగనవల 1917లో ముద్రితమయ్యెను. అంతకు పెక్కేండ్లకు ముందే వ్రాసియు, దానిని ప్రకటించుటకు రచయితయే సంకోచించెను. కావున నీ కథను గూర్చిన సిగ్గు దాని కర్తతోనే ఆరంభమైనదనవచ్చును. వేదాంతం రాఘవయ్యగారి దర్శకత్వమున నిది తెలుగునను తమిళమునను ఒకే యేట చిత్రములుగా వచ్చెను. సంగీతమును కూర్చిన సి.ఆర్. సుబ్బరామన్ చిత్రము విడుదలకు ముందే, 1952లో, దివంగతుడయ్యెను. నాయకుని పాటలను రెండు భాషలందును ఘంటసాలయే పాడెను.

మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతమున కీ ద్విభాషా జన్మము విశేషార్థము గలది. మొదటి రెండింటికి కన్నడదేశము చేరువ. కుప్పమునకు కర్ణాటకము, తమిళనాడు రెండును పొలిమేరలు. ఒకే బాణీని ఇరుగువారు తెలుగున, పొరుగువారు తమిళమున పాడుకొనగల సీమ యిది. మాట మారినను కన్నీరు మారలేదు. దీనినిబట్టి యీ పాటల బలములో పెద్దపాలు స్వరమునకును గాత్రమునకును చెందునని తేలుచున్నది. ముద్రితపాఠమును మాత్రమే చదివి 'కవిత్వము పలుచన' యని తీర్పు చెప్పు విమర్శకుడు పాటలో సగమును వినలేదన్నమాట.

ఇక రసదృష్టి. 'జగమే మాయ' యను గీతమున నాయకుడు మద్యపానమత్తుడై మాయావాదమును వల్లించును. ఇట్టి భావమే భజనమండలులలో పాడు తత్త్వములందును గలదు. వాని నెవ్వరును చౌకబారనరు. భేదము వక్తలో నున్నది. తత్త్వకర్తకు నిర్వేదము జ్ఞానఫలము. మమ్మటుడు శాంతమునకు స్థాయిగా చెప్పిన దిదియే. దేవదాసునకు నిర్వేదము వైఫల్యఫలము. శోకమును పోషించి తొలగిపోవు వ్యభిచారిభావము మాత్రమే. అందువలననే శ్రోత యీ పాట విని సంసారమును త్యజింపడు. తన చెప్పరాని దుఃఖమున కొక గొంతు దొరకెనని యూరడిల్లును. మగవా డేడ్వరాదను కట్టుబాటు గల సమాజమున ఈ యూరట నలుగురి యెదుట పొందరానిది. రహస్యమునకు ముఖ్యకారణ మిదియే.

అయినను దోషము లేదనరాదు. పార్వతి వచ్చి యర్థించిన రాత్రి తండ్రికి వెఱచి వెనుకాడినవాడు దేవదాసే. పాట యా బాధ్యతను జగత్తుపై నెట్టుచున్నది. శ్రోత యనుభవించు మాధుర్యమున నీ ఆత్మవంచనయు కొంత కలదు. ఇది తగిన యాక్షేపణ. కన్నీరు కలదన్న మాత్రమున చేయు నిరసన తగనిది.

జానపద గేయములును ఒకప్పుడు పండితుల యనాదరమునకు పాత్రములైనవే. బిరుదురాజు రామరాజుగారి 'తెలుగు జానపదగేయ సాహిత్యము' వంటి కృషి వానికి విశ్వవిద్యాలయములలో స్థానము కల్పించెను. ద్రావిడ భాషల యధ్యయనమునకై 1997లో నేర్పడిన ద్రావిడ విశ్వవిద్యాలయము కుప్పముననే కలదు. ఒకే బాణీకి గల తెలుగు, తమిళ పాఠములను ప్రక్కప్రక్కన నుంచి పరిశీలించుటయు, జనులు వానిని ఎవరి యెదుట పాడుదురో, ఎవరి యెదుట దాచుదురో సేకరించుటయు పరిశోధక విద్యార్థులు చేపట్టదగిన పని. గేయమును దాచుకొన్న తీరు గూడ గేయచరిత్రలో భాగమే.