గంట ఆకారపు వక్రరేఖ చెప్పనిది

పీహెచ్ కొలమానం పుట్టిందే ఎంజైమ్‌ల అధ్యయనంలో. 1909లో కోపెన్‌హేగన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో సోరెన్‌సెన్ దాన్ని ప్రతిపాదించారు. మన పాఠ్యగ్రంథాల్లో మాత్రం ఈ అంశం గంట ఆకారపు వక్రరేఖతో ముగిసిపోతుంది: పెప్సిన్‌కు 2 దగ్గర, ట్రిప్సిన్‌కు 8 దగ్గర శిఖరం. పటం తప్పు కాదు. కానీ చర్య ఆగిన చోట ఎంజైమ్‌కు ఏమైందో అది చెప్పదు.

పీహెచ్ 3 వద్ద ట్రిప్సిన్ దాదాపు పనిచేయదు; 8కి తెస్తే మళ్లీ పనిచేస్తుంది. తనను తాను జీర్ణం చేసుకోకుండా దాన్ని పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో నిల్వ ఉంచేది అందుకే. పెప్సిన్ అలా కాదు. 8 వద్ద ఉంచాక తిరిగి 2కి తెచ్చినా పోయిన చర్య రాదు. ట్రిప్సిన్‌లో క్రియాశీల స్థానపు ఆవేశం మారింది. పెప్సిన్‌లో ప్రోటీన్ నిర్మాణమే చెదిరింది. వక్రరేఖపై రెండూ ఒకే సున్నా!

బసంత్‌నగర్ సిమెంట్ కర్మాగారం మీకు తెలిసే ఉంటుంది. సిమెంట్ ధూళికి క్షారగుణం ఉంటుంది. అది పడిన చేనులో, మొక్కకు భాస్వరం విడుదల చేసే ఆమ్ల ఫాస్ఫటేజ్ చర్య తగ్గిందనుకోండి. ఎంజైమ్ ఉండి ఆగిందా, అసలు నశించిందా? మట్టిని దాని సొంత పీహెచ్ వద్ద ఒకసారి, 6.5 బఫర్‌లో ఒకసారి కొలవండి. బఫర్‌లో చర్య తిరిగి కనిపిస్తే ఎంజైమ్ ఇంకా మట్టిలోనే ఉంది.