గమకం చెరపని సాఫ్ట్‌వేర్

ఇంట్లో ఒక గదిని పాటల స్టూడియోగా మార్చుకునేవారు మైకు, హెడ్‌ఫోన్లు, మైకు శబ్దాన్ని కంప్యూటరుకు అందించే ఆడియో ఇంటర్‌ఫేసు కొనడానికి నెలల తరబడి ఆలోచిస్తారు గానీ, పాటను పట్టి నిలిపే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ దగ్గరకు వచ్చేసరికి ఎవరో పెన్‌డ్రైవులో ఇచ్చినదానితో సరిపెట్టుకుంటారు. సంగీతకారులు పొట్టిగా ‘డా’ అని పిలిచే ఈ డిజిటల్ ఆడియో వర్క్‌స్టేషన్‌లోనే పాటను నమోదు చేయడం, ముక్కలను అతకడం, ఒక్కొక్క వాద్యం స్థాయిని సరిచూసి మిక్సింగ్ చేయడం అన్నీ జరుగుతాయి కాబట్టి, దాని స్వభావం పాడేవారికి తెలియకుండానే పాటలోకి దిగుతుంది. వీటిలో చాలా భాగం నిలకడ స్వరాల సంగీతం కోసం, నాలుగు దెబ్బల లయ కోసం రూపుదిద్దుకున్నవి అయినందువల్ల, కర్ణాటక సంగీతమో లలిత సంగీతమో పాడేవారు మరింత జాగ్రత్తగా ఎంచుకోవలసి ఉంటుంది.

పాటను వరుసలుగా పేర్చి, ముక్కలుగా అతికే ఈ విద్యకు మూలపురుషులు అమెరికాలో, ఇంగ్లండులో కనిపిస్తారు. లెస్ పాల్ అనే గిటార్ విద్వాంసుడు 1948లో విడుదలైన ‘లవర్’ కోసం ఒక డిస్కు మీద వాయించినదానిని వింటూ మరో డిస్కు మీద కొత్త వరుస చేర్చి, ఎనిమిది గిటార్లను ఒంటిచేత్తో పలికించాడు. చివరి వరుసలో చేయి తప్పితే ఆ డిస్కు పోయినట్టే. 1966లో బీటిల్స్ బృందం ‘స్ట్రాబెర్రీ ఫీల్డ్స్ ఫరెవర్’ పాటను రెండు వేర్వేరు వేగాలలో, రెండు వేర్వేరు శ్రుతులలో రికార్డు చేయగా, నిర్మాత జార్జ్ మార్టిన్, ఇంజనీరు జెఫ్ ఎమెరిక్ టేపు వేగాన్ని సవరించి, రెండింటినీ ఒకే శ్రుతికి తెచ్చి, కత్తిరించి అతికించిన తీరుకు ఇంజనీర్లు నేటికీ చేతులెత్తి మొక్కుతారు. మన దగ్గరైతే మద్రాసు రికార్డింగ్ థియేటర్లలో ఘంటసాల, సుశీల తరం వాద్యబృందంతో కలిసి ఒకే విడతలో పాడింది. ఎక్కడ తప్పు దొర్లినా మళ్లీ మొదటికి రావలసిందే. ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం ఒకే రోజున 21 కన్నడ పాటలు రికార్డు చేశారని చెప్పుకుంటారు. సాధనాలు ఎంత తక్కువైతే అంత ఎక్కువ సాధన అవసరమైన ఆ కాలపు పాటల్లోని నిండుదనం నేటి పాటల్లో అరుదు.

తర్వాతి చరిత్ర తొందరగానే నడిచింది. 1991లో ప్రో టూల్స్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ నాలుగు ట్రాకులతో వచ్చింది. 1996లో క్యూబేస్ వీఎస్‌టీ రివర్బ్, ఈక్వలైజర్ వంటి పరికరాల పనిని ప్లగిన్లుగా, అంటే సాఫ్ట్‌వేర్‌కు తగిలించే చిన్న ప్రోగ్రాములుగా, కంప్యూటరులోకి తెచ్చింది. 2019లో అమెరికా గాయని బిల్లీ ఐలిష్ మొదటి ఆల్బమ్ ప్రధానంగా ఆమె అన్న ఫినియస్ పడకగదిలో, లాజిక్ ప్రో సాఫ్ట్‌వేర్ మీద తయారై, మరుసటి ఏడాది గ్రామీ పురస్కారాలలో ఉత్తమ ఆల్బమ్‌గా నిలిచింది. ఇంటి గది తక్కువదన్న మాటకు ఆనాటితో కాలం చెల్లింది.

నేడు తెలుగు ఇళ్లలోని గాయకులకు అన్నివిధాలా తగినది రీపర్. విన్‌యాంప్ అనే మ్యూజిక్ ప్లేయర్ సృష్టికర్త జస్టిన్ ఫ్రాంకెల్ చేతిలో పుట్టిన ఈ సాఫ్ట్‌వేర్ పాత కంప్యూటరు మీద కూడా తేలికగా నడుస్తుంది. 60 రోజులు ఏ పరిమితీ లేకుండా పరీక్షించి చూడవచ్చు. సొంతానికి వాడుకునేవారికి లైసెన్సు ధర 60 డాలర్లు. ఆ మాత్రం కూడా వెచ్చించలేనివారికి ఆడాసిటీ ఉచితంగా దొరుకుతుంది గానీ, పల్లవిలో ఒక సంగతి తడబడితే ఆ చోట మాత్రమే మళ్లీ పాడే ‘పంచ్ ఇన్’, నాలుగైదు టేకులలోని మంచి ముక్కలను ఏరి ఒక్కటిగా కూర్చే ‘కాంపింగ్’ రీపర్‌లో జరిగినంత హాయిగా అందులో జరగవు.

సాఫ్ట్‌వేర్‌ను పరీక్షించేటప్పుడు మొదట చూడవలసినది లేటెన్సీ, అంటే పాడిన స్వరం కంప్యూటరు గుండా తిరిగి చెవికి చేరడంలో జరిగే ఆలస్యం. కంప్యూటరు శబ్దాన్ని బఫర్ అనే చిన్న మూటలుగా అందుకుంటుంది. సెకనుకు 48,000 నమూనాల లెక్కన 128 నమూనాల బఫర్‌కు పట్టే కాలం సుమారు 2.7 మిల్లీసెకన్లు, 1,024 నమూనాలకైతే 21 మిల్లీసెకన్లు దాటుతుంది. రానూ పోనూ కలిసి ఈ ఆలస్యం పెరిగినప్పుడు మృదంగ విద్వాంసుడి చేయి తనకు తెలియకుండానే వెనకబడుతుంది. విండోస్ వాడేవారు ఇంటర్‌ఫేసు తయారీదారు ఇచ్చే, ఆలస్యాన్ని తగ్గించే ఏఎస్ఐఓ డ్రైవరును ఎంచుకుని, రికార్డింగ్ వేళ బఫర్‌ను తగ్గించి, మిక్సింగ్ వేళ పెంచుకోవాలి.

తాళం విషయంలో రీపర్ చూపే ఔదార్యం ప్రత్యేకంగా మెచ్చుకోదగినది. ఏడు అక్షరాల మిశ్రచాపును 7/8గా, అయిదు అక్షరాల ఖండచాపును 5/8గా పెట్టుకుని, కీర్తన నడుమ ఎక్కడైనా వేగాన్ని మార్చుకోవచ్చు. తాళం లేని ఆలాపనకైతే లయ చెప్పే క్లిక్‌ను ఆపి, ముక్క చోటును లయతో గాక కాలంతో లెక్కించేలా టైమ్‌బేస్‌ను పెడితే, తర్వాత వేగం ఎంత మార్చినా పాడిన ముక్క ఉన్నచోటనే ఉంటుంది. తంబూరా శ్రుతిని మైకులోకి చొరబడనీయకుండా, చెవులను పూర్తిగా మూసే హెడ్‌ఫోన్లలో వినిపించి, వేరే ట్రాకులో ఉంచుకోవడం శ్రేయస్కరం.

అసలు ప్రమాదం శ్రుతి దిద్దే ప్లగిన్లలో ఉంది. 1997లో వచ్చిన ఆటో‌ట్యూన్, దాని వెంట పుట్టిన చవక అనుకరణలు, పాడిన స్వరాన్ని స్థాయిలోని 12 స్థానాలలో దగ్గరి దానికి లాగి నిలబెడతాయి. తోడి రాగంలో గాంధారం ఒకచోట నిలిచే స్వరం కాదు. రిషభ మధ్యమాల నడుమ ఊగే కంపితంలోనే దాని ప్రాణం ఉంది. ఆ ఊపును యంత్రం దోషంగా లెక్కించి మెట్లుగా నరికినప్పుడు మిగిలేది తోడి కాదు, తోడి శవం. ఏళ్ల తరబడి గురువు ఎదుట కూర్చుని పట్టుకున్న గమకాన్ని ఒక్క బటన్‌తో చెరిపి, దానికి ‘పర్ఫెక్ట్’ అని పేరు పెట్టి ప్రచురించడం సంగీతానికి జరుగుతున్న అవమానమే. దిద్దక తప్పనిచోట పీటర్ నొయ్‌బేకర్ రూపొందించిన మెలడైన్‌ను ఆశ్రయించాలి. అది స్వర కేంద్రాన్ని, దాని చుట్టూ ఉన్న కదలికను వేరువేరుగా చూపుతుంది కాబట్టి, గమకాన్ని ముట్టకుండా ఆ కేంద్రాన్ని మాత్రం సవరించవచ్చు. ఇంత సున్నితమైన పనితనం మరే ప్లగిన్‌లోనూ కనిపించదు.

దొంగ ప్రతుల సంగతి మరింత బాధాకరం. వేలకు వేలు పోసి మైకు కొన్నవారే క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్‌ను సిగ్గుపడకుండా ఎక్కించుకుంటారు. దానితోపాటు వైరస్‌లు దిగుతాయి, అప్‌డేట్లు అందవు, నెలల శ్రమ ఒక్క రాత్రిలో తెరుచుకోకుండా పోతుంది. తమ పాటను ఎవరైనా దొంగిలిస్తే గుండెలు బాదుకునే కళాకారులు సాటి శిల్పుల శ్రమను దొంగిలించడం ఏ ధర్మం?

కొత్తగా స్టూడియో కట్టుకునే ప్రతి గాయకుడూ, ప్రతి గాయనీ ముందుగా లైసెన్సు కొనాలి, కనీసం ఉచితమైనదానిని నిజాయితీగా వాడాలి. శిఖరస్థాయి మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఉండేలా 24 బిట్లలో రికార్డు చేయాలి. శ్రుతి ప్లగిన్‌ను తాకే ముందు అదే చరణాన్ని మరొక్కసారి పాడాలి.