చదువురాని విమర్శకురాలు

మా అత్తగారికి అక్షరం ముక్క రాదు. అయినా నేను చదివిన పుస్తకాలన్నిటికీ మార్కులు వేసింది ఆవిడే!

1980ల్లో నేను రాజమండ్రి నుంచి అనకాపల్లి కోడలిగా వచ్చాను. బెల్లం వాసన వేసే ఆ వీధి చివర అద్దె పుస్తకాల బడ్డీ ఒకటుండేది. మధ్యాహ్నం వంటిల్లు సర్దుకుని నేను పుస్తకం తెరిస్తే చాలు, ఆవిడ చేటలో బియ్యం పోసుకుని పక్కన చేరేవారు. "పైకి సదువమ్మా, నేనూ ఇంటాను" అనేవారు.

మొదట కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ నవల. యుగంధర్, అసిస్టెంట్ రాజు హంతకుడి వెంట పడుతుంటే చేటలో బియ్యం అలాగే ఉండిపోయాయి. తీరా వాడు దొరికాక, "దొరికేసినాడు గదా, ఇంకేటుంది?" అని లేచిపోయారు. నిజమే, అది కరకరలాడే జంతిక. తిన్నంతసేపూ బాగుంటుంది. తిన్న జంతికనే మళ్ళీ తినలేం కదా!

తర్వాత యద్దనపూడి సులోచనారాణి గారి 'సెక్రటరీ'. రాజశేఖరం పేరు వచ్చినప్పుడల్లా నా గొంతు నాకు తెలీకుండానే మెత్తబడేది కాబోలు, ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "ఆడికి కారు నేకపోతే ఈ కతుండునా?" అన్నారు. నాకు ఉక్రోషం వచ్చింది. ఈ ఒక్క విషయంలో ఇప్పటికీ నేను ఆవిడతో ఏకీభవించను. రాజశేఖరం సంగతి అలా ఉంచండి. ఉద్యోగం చేసుకుంటూ, ఆత్మాభిమానం వదులుకోని జయంతిని చూసి ఆశపడ్డ ఆడపిల్లలు మా తరంలో ఎంతమందో! ఆ ఆశని ఉత్త కాలక్షేపమని కొట్టిపారేయడం సబబు కాదు.

ఆ పైన 'కన్యాశుల్కం'. గురజాడ వారు 1862లో పుట్టిన రాయవరం ఇప్పుడు మా అనకాపల్లి జిల్లాలోదే. గిరీశం కోతలకి ఆవిడ పడీపడీ నవ్వారు. పసిపిల్ల సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లుకి కట్టబెట్టే బేరం దగ్గరికి వచ్చేసరికి ఆ నవ్వు ఆగిపోయింది. "నాకూ పదో ఏటే పెళ్ళి" అన్నారు మెల్లిగా. 1892లో తొలిసారి ఆడిన ఆ నాటకం అంతవరకూ నాకు హాస్యమే. ఆవిడకి అది జ్ఞాపకం. ఆ రోజు తర్వాత నేనూ దాన్ని వట్టి హాస్యంగా చదవలేకపోయాను.

చివరికి రావిశాస్త్రి గారి 'ఆరు సారా కథలు'. వారి స్వగ్రామం తుమ్మపాల మా ఊరి పొరుగునే. 'మాయ' కథలో సారా కేసులో ఇరుక్కున్న ముత్యాలమ్మ ప్లీడరు బాబుకి లోకం తీరు చెబుతుంటే, అత్తగారు చేట పక్కన పెట్టేశారు. "ఇది మన మాటే! మన మాట కూడా పుస్తకంలో ఏత్తారేటమ్మా?" అన్నారు.

నాకు సిగ్గేసింది. అప్పటిదాకా మా పుట్టింటివాళ్ళ ఎదుట ఆవిడేదైనా అంటే, దాన్నే నేను 'శుద్ధంగా' మళ్ళీ చెప్పేదాన్ని. చదువుకున్నదాన్నని! ఆ రోజుతో ఆ అలవాటు మానేశాను.

ఇప్పుడావిడ లేరు. అయినా ఏ కొత్త పుస్తకం తెచ్చుకున్నా మొదటి పేజీ పైకే చదువుతాను. అందులో మనుషులు మాట్లాడుతున్నారా, లేక రచయిత ఒక్కడే మాట్లాడుతున్నాడా అన్నది చెవికి ఇట్టే తెలిసిపోతుంది. మీ ఇంట్లోనూ ఇలాంటి పెద్దావిడ ఉండే ఉంటారు. ఒక మధ్యాహ్నం పుస్తకం పట్టుకుని ఆవిడ పక్కన కూర్చోండి. ఎవరికి ఎవరు పాఠం చెబుతారో మీకే తెలుస్తుంది.