పదిరోజుల సువార్త, నాలుగు నెలల సుగ్గి

విదేశీ చర్చిల నుంచి పదిరోజులకో రెండు వారాలకో మన పల్లెలకు సేవకని వచ్చే బృందాలు తిరిగిపోయాక నివేదికలు రాస్తాయి. వీటిని మనవాళ్లు విమర్శకు పెట్టరు. పెట్టాలని మా వాదన. వాటిల్లో పాత్రలం మనమే గనక.

ఈ నివేదికల నడక దాదాపు ఒక్కటే. దుమ్ముదారి, నవ్వే పిల్లలు, బడిగోడకు రంగు, ప్రార్థన, కన్నీళ్లు. చివర్లో రాసినాయన తన జీవితమే మారిపోయిందంటాడు. గేరి బతుకు ఏమైందో చెప్పడు. బోరింగు దగ్గర బిందె పట్టుకున్న ఆడమనిషి ఫొటో ఉంటుంది. ఆ బోరింగు మాదిగ గేరికి వేరేగా ఎందుకుందనే ప్రశ్న ఉండదు. పేదరికం కనిపిస్తుంది, అంటరానితనం కనిపించదు. పేదరికానికి దాత చాలు. అంటరానితనాన్ని చూస్తే ఊరితో తగాదా పడాల. పదిరోజుల్లో అది అయ్యే పని కాదు.

ఆస్పరి, ఆదోని, ఎమ్మిగనూరు పల్లెల్లో ఇంకో ప్రయాణం ఉంది. దాన్ని సుగ్గి అంటారు. కన్నడంలో సుగ్గి అంటే కోతకాలం. వాన మీదే బతికే ఈ నేలలో పని అయిపోగానే పత్తి తీయను, మిరపకాయలు కోయను సంసారాలు గుంటూరు వైపు పోతాయి. నాలుగు నెలలు గుడిసెల్లో బతుకు, పిల్లల చదువు అంతటితో సరి. విదేశీ బృందాలు వచ్చేది కూడా ఎక్కువగా ఆ చలికాలంలోనే. అంటే వాళ్లు చూసే గేరిలో ముసలివాళ్లు, వదిలేసిపోయిన పిల్లలే మిగిలుంటారు. సువార్తికులకూ 'కోత' అనే మాట ఇష్టం. ఆ కోత లెక్కలో సుగ్గి కూలి లేడు.

ఫొటో సంగతి ఇంకా కష్టం. 1950 రాజ్యాంగ (షెడ్యూల్డు కులాల) ఉత్తర్వు హిందువులకే ఎస్సీ హోదా ఇచ్చింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవ దళితులను ఇప్పటికీ చేర్చలేదు. ఆంధ్రలో వాళ్లు బీసీ-సి, ఒక్క శాతం. క్రైస్తవుడిగా మారినవాడు ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం రక్షణ కోరలేడని 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు అన్నది. ఈ స్థితిలో ఒక బాప్తిస్మం ఫొటో అక్కడ విజయగాథ, ఇక్కడ ఒక పిల్లవాడి కులపత్రం మీద అనుమానం. పర్యాటక వీసా మీద మతప్రచారం చేయకూడదు. అయినా చేసి విమానమెక్కేవాడికి ఏమీ కాదు. కేసు మోసేది ఊళ్లో మిగిలిన అయ్యగారు.

మతం మారడమే విదేశీ కుట్ర అనేవాళ్లతో మాకు పొత్తు లేదు. మనవాళ్లలో చాలామందికి మొదటి పలక ఇచ్చింది మిషనే. అయితే ఆ చరిత్ర పదిరోజులది కాదు. 1810లో బళ్లారికి వచ్చిన లండన్ మిషన్ జాన్ హ్యాండ్స్ ఏళ్ల తరబడి ఉండి, బైబిలును కన్నడంలోకి తెచ్చాడు. 1953 దాకా ఆదోని ఆ బళ్లారి జిల్లాలోదే. ఒంగోలు ఉద్యమంలో క్లౌ దొర పేరు నిలిచింది గానీ, 1860ల నుంచే పల్లెపల్లె తిరిగి మాట చేర్చింది తోళ్ల వ్యాపారం చేసిన మాదిగ యర్రగుంట్ల పేరయ్య. 1903లో తెలుగు బాప్టిస్టులే తమ మనిషి జాన్ రంగయ్యను నెటాల్‌కు, చెరుకుతోటల ఒప్పంద కూలీల దగ్గరికి పంపారు. 1915లో చనిపోయేదాకా ఆయన పని వాళ్ల మధ్యే. ఇచ్చేది దొర, పుచ్చుకునేది మనం అన్న కథ అబద్ధమని ఈ రెండు పేర్లే చెప్తాయి.

తప్పంతా వచ్చేవాళ్లదే అనడం సులువు. పిల్లలకు ఉతికిన బట్టలు తొడిగి వరుసలో నిలబెట్టేది మనవాళ్లే. మేమూ చిన్నప్పుడు ఆ వరుసల్లో నిలబడ్డవాళ్లమే. ఏ దేశంలో ఏ గోడకు మా బొమ్మ ఉందో మాకు తెలియదు.

అందుకే బృందం వస్తామని ఉత్తరం రాసినప్పుడు మన సంఘాలు ముందే అడగాల: ఫొటో ఎవరి ఒప్పుదలతో తీస్తారు? మా గురించి రాసింది తెలుగులో గేరికి చదివి వినిపిస్తారా? 1950 ఉత్తర్వు సంగతి మీ చర్చిలో చెప్తారా? జవాబు వచ్చాకే గోడకు రంగు సంగతి మాట్లాడుకోవచ్చు.